గాలపు దారము – దాని గుణము

గాలమనగానే మన కన్నుల యెదుట నిలుచు చిత్రమొకటి కలదు. చెరువుగట్టున వెదురుకర్ర పట్టి కూర్చున్న బాలుడు. నీటిపై తేలుచున్న బెండు. నీటిలో మునిగిన కొక్కెమునకు గ్రుచ్చిన వానపాము. బెండు మునిగినపుడు కర్ర నెత్తవలెను. ఎర దూరముగా పడవలెనన్నచో దారమునకు చిన్న సీసపుగుండు కట్టుదురు. బరువు ముందు పోవును, దారము దాని వెంట పోవును. రాతికి దారము కట్టి విసరిన ప్రతి బాలునికిని ఈ సంగతి తెలిసినదే.

దీనికి పూర్తిగా విపరీతమైన గాలమొకటి ఇంగ్లండు మొదలైన చల్లని దేశములలో కలదు. దానిని అచట ఫ్లై ఫిషింగ్ అందురు. మనము ఈగగాలమని పిలుచుకొనవచ్చును. అందలి ఎర నిజమైన పురుగు కాదు. చిన్న కొక్కెమునకు కోడియీక, కుందేటి రోమము, పట్టుపోగు చుట్టి పురుగువలె భ్రమింపజేయు బొమ్మ అది. ఊదినచో ఎగిరిపోవునంతటి తేలికైనది. అట్టి దానిని వేటగాడు ఏటికి అడ్డముగా ఇరువది గజముల దూరమున, నీరు చెదరకుండ, తాను కోరిన చోటనే దింపగలడు. ఇది ఎట్లు సాధ్యము? ఈక నొకదానిని చేతబట్టి బలముకొలది విసరి చూడుడు. అది మీ పాదములకడనే పడును.

ఈ పొడుపుకథకు విడుపు ఒక్కటే. ఈగగాలములో విసరునది ఎరను కాదు, దారమును. బరువంతయు దారములోనే ఇమిడియుండును. ఎర దాని తోక పట్టుకొని పోవు ప్రయాణికుడు మాత్రమే. సంస్కృతమున గుణమనగా స్వభావమే కాదు, త్రాడు కూడను. వింటినారికిని అదియే పేరు. సూత్రమనగా నియమమే కాదు, నూలుపోగు కూడను. ఈ రెండు మాటల రెండేసి అర్థములును ఈ విద్యలో ఒక్కచోట కలిసినవి. దారము గుణము నెరిగినవానికి కర్ర, చక్రము, ఎర అన్నియు వాటంతటవియే సమకూరును. ఎరుగనివాడు ఎంత విలువగల సామగ్రి కొన్నను గాలిని కొట్టుటయే అగును.

గుఱ్ఱపు తోకనాటి లెక్క

ఈ విద్య నేటిది కాదు. క్రీస్తుశకము 200 ప్రాంతమున ఈలియన్ అను రోమను గ్రంథకర్త, మాసిడోనియా దేశమున ఆస్ట్రయస్ అను ఏటిలోని చుక్కల చేపలను అచటివారు పట్టు విధమును వర్ణించెను. ఆ చేపలు నీటిపై వ్రాలు ఒక ఈగను తినును. ఆ ఈగను చేతబట్టినచో దాని రంగు చెడును గనుక, అది ఎరకు పనికిరాదు. అందుచేత వారు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడక్రింది ఈకలు రెండు అమర్చుదురట. కర్ర ఆరడుగులు, దారము ఆరడుగులు.

దారము నింత శ్రద్ధగా శాస్త్రముచేసిన తొలి ఆంగ్ల గ్రంథము 1496లో వింకిన్ డి వర్డ్ అను ముద్రాపకుడు వెస్ట్‌మినిస్టరున అచ్చువేసిన గాలపు వేట గ్రంథము. దానిని జూలియానా బెర్నర్స్ అను సన్న్యాసిని రచించెనని వాడుక. అందుకు గట్టి ఆధారము లేదు. కర్త యెవరైనను ఆ బుద్ధి ఉపాధ్యాయుని బుద్ధి. తెల్లగుఱ్ఱపు తోకలోని పొడవైన వెండ్రుకలను ఏరుటయెట్లు, ఏ ఋతువున నీటి రంగునుబట్టి వాటికి ఏ రంగు వేయవలెను, ఎన్నింటిని కలిపి పేనవలెను అను విషయములను ఆ గ్రంథము వరుసగా బోధించును. మిన్నో అను చిట్టిచేపకు ఒక్క వెండ్రుక చాలును. పెర్చి చేపకు నాలుగు. ట్రౌటు చేపకు తొమ్మిది. పెద్ద ట్రౌటునకు పండ్రెండు. సాల్మను చేపకు పదునైదు. చేప తరగతినిబట్టి దారము తరగతి: దారము నెన్నుకొనుటకు నేటికిని ఇదియే మూలసూత్రము. ఐదువందల సంవత్సరములలో వెండ్రుకలు పోయినవి గాని లెక్క పోలేదు.

ఐజాక్ వాల్టన్ 1653లో ప్రకటించిన ‘కంప్లీట్ ఆంగ్లర్’ లోకప్రసిద్ధము. 1676లో దానికి ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్, డర్బీషైరులోని డవ్ నదిపై తన అనుభవమునుబట్టి, ఈగగాలమునుగూర్చి రెండవభాగము చేర్చెను. పొదలు, నాచు లేని నీటిలో ఇరువది అంగుళముల ట్రౌటును రెండు వెండ్రుకల మొనతో పట్టలేనివానికి వేటగాడను పేరు తగదని కాటన్ అభిప్రాయము. ఆనాటికి తిరుగు చక్రము వాడుక ఇంకను వ్యాపింపలేదు. దారమును కర్ర కొననే ముడివేయుదురు. పారిపోవు చేపకు వదలుటకు అధికపు దారము లేదు. కావున కాటన్ మాటలో గొప్పయున్నను, అందు లెక్కయు కలదు: బలము దారమున లేనపుడు చేతిలో నుండవలెను.

పట్టు వచ్చినది, పట్టుదల వచ్చినది

గుఱ్ఱపు వెండ్రుకల దారము తేలికైనది. గాలి యెటు వీచిన అటే పోవును. అందుచేత వేటగాండ్రు గాలిని వెన్నున పెట్టుకొని నిలిచెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున పట్టును జడవలె అల్లి, అవిసెనూనె పట్టించి చేసిన బరువైన దారము వచ్చుటతో ఆ పరాధీనత తప్పినది. దారము బరువుచే గాలిని చీల్చుకొనిపోవును. ఎదురుగాలిలోనైనను, ప్రవాహమునకు ఎదురుగానైనను విసరవచ్చును.

పట్టుదారపు కొనకు, చేప కంటబడని సన్నని పోగు కావలెను. దానిని ‘గట్’ అనిరి. మాట యర్థము ప్రేగు. వస్తువు మాత్రము ప్రేగు కాదు. గూడు కట్టుకొనుటకు సిద్ధమైన పట్టుపురుగును పుల్లని ద్రావకములో ఊరవేసి, దానిలోని పట్టుగ్రంథిని తీసి, చేతితో సాగదీసినచో అడుగున్నర మించని గట్టిపోగు వచ్చును. స్పెయిను దేశమున మర్సియా ప్రాంతము ఈ పనికి ప్రసిద్ధము. ఆ పోగులను ముడివేసి, వేటకు ముందు నానబెట్టి వాడెడివారు. ఎండిన గట్ పెళుసు, నానినది మెత్తన.

దారము మారగానే వేటవిధానము మారినది. విధానము మారగానే మతభేదము పుట్టినది. దక్షిణ ఇంగ్లండున సుద్దరాతి పొరలనుండి ఊరి వచ్చు టెస్ట్, ఇచెన్ అను నదులు స్ఫటికమువలె తేటయైనవి. వాటిపై ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ 1886లోను, 1889లోను ప్రకటించిన గ్రంథములలో ‘పొడి ఈగ’ పద్ధతిని సిద్ధాంతముగ స్థాపించెను. చేప నీటిపైకి వచ్చి నిజమైన పురుగును తినుట చూచి, దాని ముందే, దాని జాతి బొమ్మనే, నీటిపై తేలునట్లు వేయవలెను. తడిసిన బొమ్మను గాలిలో రెండుమూడుమార్లు ఆడించి ఆరబెట్టవలెను. పట్టుదారపు బరువు, వెదురుకర్ర బిగి లేనిదే ఈ పని సాగదు. హాల్ఫర్డ్ అనుయాయులు తమ పద్ధతియే ధర్మమనిరి. మునిగిన ఎర వేయువాడు వారి కంటికి పతితుడు.

న్యాయవాదియైన జి. ఇ. ఎం. స్క్యూస్ దీనిని అంగీకరింపలేదు. ట్రౌటు తినునదానిలో అధికభాగము నీటి లోపలనే, రెక్కలు రాని పురుగు పిల్లల రూపమున తినునని ఆయన పట్టిన చేపల పొట్టలే సాక్ష్యమిచ్చెను. 1910లో ఆయన ప్రకటించిన గ్రంథము మునిగిన ఎరకు మరల గౌరవము కల్పించినది. 1938లో లండనులోని ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దీనిపై సభ పెట్టి వాదించుకొనిరి. మనకు నవ్వు రావచ్చును. కాని వ్యాకరణమునుగూర్చి, ఛందస్సునుగూర్చి, గ్రాంథిక వ్యావహారికములనుగూర్చి మనము చేసిన వాదములు మాత్రము ఇంతకన్న తక్కువ వేడిగలవా? పుస్తకములోని సూత్రము గొప్పదా, ఏటిలోని సాక్ష్యము గొప్పదా అన్నదే రెంటను ప్రశ్న.

కలకత్తా వెదురు

కర్ర కథలో మన దేశమునకును పాత్ర కలదు. పూర్వము కర్రలను హికరీ, గ్రీన్‌హార్ట్ మొదలైన బరువైన కలపలతో చేసెడివారు. వెదురు బెత్తును నిలువునా చీల్చి, ముక్కోణపు బద్దలుగ తీర్చి, జిగురుతో ఆరింటిని అతికి ఆరుపలకల కర్రగ చేయుట పందొమ్మిదవ శతాబ్దపు శిల్పము. అమెరికాలో ఈస్టన్ పట్టణమున ఫిడేళ్లు, తుపాకులు చేయు సామ్యూల్ ఫిలిప్పీ 1840ల ప్రాంతమున దీనికి మార్గము చూపెను. ఆయనకును, తరువాతివారికిని అందిన వెదురు మన దేశమునుండి పోయినది. వర్తకులు దానిని ‘కలకత్తా కేను’ అనెడివారు. తరువాత దక్షిణ చైనానుండి వచ్చిన టాంకిన్ వెదురు దాని స్థానము నాక్రమించినది. 1950లో అమెరికా చైనాతో వర్తకము నిలిపివేయుటచే వెదురు కరవై, గాజునార కర్రలు వ్యాపించెను. 1970లలో బొగ్గునార, అనగా కార్బన్ ఫైబరు, వాటిని వెనుకకు నెట్టినది. నేటి కర్రలలో అధికభాగము దీనితో చేసినవే.

అక్షరములనుండి అంకెలకు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఏ కర్రకు ఏ దారము? పట్టుదారపు రోజులలో మందమునుబట్టి అక్షరములు పెట్టెడివారు. ‘ఏ’ అన్నచో అంగుళములో వేయింట అరువది వంతుల మందము. ఒక్కొక్క అక్షరము దిగినకొలది ఐదేసి వంతులు తగ్గును. రెండు కొనలు సన్నగ, నడుమ లావుగనుండు దారమును ‘హెచ్-డి-హెచ్’ అని మూడక్షరములతో పిలిచెడివారు. అందరి దారమును పట్టే అయినంతకాలము ఈ కొలత సరిపోయినది. మందము సమానమైనచో బరువును సమానమే గదా!

1938లో డ్యూపాంట్ సంస్థ నైలానును లోకమునకు ప్రకటించినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము నైలాను దారములు, వాటిపై సన్నని గాలిబుడగలు గల ప్లాస్టిక్ పూత పూసిన తేలుదారములు వచ్చినవి. నైలాను పట్టుకన్న తేలిక. ఇప్పుడు ఒకే అక్షరము గల రెండు దారములు రెండు బరువులు తూగసాగెను. అక్షరము నమ్మి కొన్నవాని కర్ర వంగలేదు, దారము సాగలేదు. ఇచట తప్పు దారముదియు కాదు, కర్రదియు కాదు, కొలతది. కర్రను వంచునది మందము కాదు, బరువు. ఇన్నాళ్లును బరువునకు మారుగ మందమును కొలిచిరి.

1961లో అమెరికా గాలపు సామగ్రి ఉత్పత్తిదారుల సంఘము కొలతను మార్చినది. దారపు మొదటి ముప్పది అడుగులను తూచి, ఆ బరువునుబట్టి అంకె వేయవలెనని నిర్ణయించినది. తూకము గ్రెయినులలో, ఒక గ్రెయిను గురివిందగింజలో సుమారు సగము. నాలుగవ అంకె దారము 120 గ్రెయినులు. ఐదవది 140, అనగా సుమారు 9 గ్రాములు. ఆరవది 160. ఎనిమిదవది 210. కర్రమీదను అదే అంకె వ్రాయుదురు. ఐదవ అంకె కర్రకు ఐదవ అంకె దారము. విద్యార్థులు గ్రహింపదగిన నీతి యిందు కలదు. దేనిని కొలుచుట సులభమో దానిని కాక, ఏది పనిచేయుచున్నదో దానిని కొలువవలెను. ఉపాధ్యాయులమగు మనకు పరీక్షల ఋతువున ఈ మాట మరింత బాగుగ తెలియును.

ఎన్నిక చేయు క్రమము

కొనువాడు సామాన్యముగ కర్రతో ప్రారంభించును. క్రమము దానికి తలక్రిందుగ నుండవలెను: మొదట నీరు, చేప, తరువాత ఎర, పిదప దారము, దానినిబట్టి కర్ర, కట్టకడపట చక్రము. పొదల నడుమ పారు సెలయేటికి మూడవ, నాలుగవ అంకె దారమును, ఏడెనిమిది అడుగుల కర్రయు తగును. మధ్యరకపు ట్రౌటునదికి ఐదవ అంకె, తొమ్మిదడుగుల లోపు కర్ర. గాలి వీచు పెద్ద సరస్సునకు ఏడవది. సాల్మనువంటి బలశాలికి ఎనిమిది మొదలు పది వరకు. బొమ్మ పెద్దదైనకొలది గాలి దానిని ఎక్కువగా అడ్డును. దానిని మోయు దారము బరువైనది కావలెను.

దారపు ఆకారమును రెండు విధములు. రెండు కొనలు సమానముగ సన్నగిల్లినది ఒకటి. మృదువుగ వ్రాలును, ఒక కొన అరిగినపుడు త్రిప్పి వాడుకొనవచ్చును. బరువంతయు ముందు ముప్పది అడుగులలో చేర్చి వెనుక సన్నని పోగు పెట్టినది మరియొకటి; దూరముగ పోవును. పొదుపరికి మొదటిది, దూరము కోరువానికి రెండవది.

దారము చివర లీడరు అను పారదర్శక భాగము. ఇది తొమ్మిదడుగుల పొడవున క్రమముగ సన్నగిల్లును. కొరడాదెబ్బలోని వేగము పిడినుండి కొనకు ప్రాకునట్లు, దారపు వేగము దీనిగుండ ప్రాకి బొమ్మను చాపి దించును. దీని కొసభాగమే టిప్పెట్, మొనపోగు అందము. దీని అంకెల వెనుక ‘ఎక్స్’ అను అక్షరముండును. పూర్వము గట్ పోగును సన్నని రంధ్రములగుండ ఎన్నిమార్లు లాగిరో తెలుపుటకు అది గుర్తు. లెక్క సులభము: పదునొకటిలోనుండి ఆ అంకెను తీసివేసినచో అంగుళములో వేయవవంతుల మందము వచ్చును. 5 ఎక్స్ అనగా వేయింట ఆరు వంతులు. కొక్కెపు అంకెను మూడింట భాగించినచో తగిన మొనపోగు తెలియును: పండ్రెండవ అంకె కొక్కెమునకు 4 ఎక్స్, పదునెనిమిదవదానికి 6 ఎక్స్. కొక్కెముల అంకె పెరిగినకొలది కొక్కెము చిన్నది యగునని మరువరాదు.

మొనపోగు సన్నగ నుండుటకు కారణము చేప చూపు మాత్రమే కాదు. ఏటి నడుమ నీరు వేగముగను, ఒడ్డున మెల్లగను పారును. బొమ్మ ఒక పాయలో, దారము వేరొక పాయలో పడినపుడు దారము బొమ్మను లాగును. నిజమైన పురుగు ప్రవాహమునకు అడ్డముగ ఈడ్వబడదు. ఆ చిన్న అస్వాభావికతను గుర్తించి ట్రౌటు తొలగిపోవును. సన్నని మెత్తని పోగు బొమ్మకు కొంత స్వేచ్ఛ నిచ్చును. ముడి బిగించుటకు ముందు దానిని తడుపవలెను. పొడిగ బిగించినచో రాపిడి వేడికి నైలాను బలహీనపడును. చేప అచటనే తెంచుకొనును.

సన్నని దారపు ధర్మము

సన్నని దారము చేపపై దయ యని చాలమంది తలచుట కలదు. చేపకు తప్పించుకొను అవకాశ మిచ్చితిమను తృప్తి వేటగానికి కలుగును. కాని పట్టిన చేపను తిరిగి నీట విడుచు ఆచారము నేడు విరివిగ నున్నది. అట్టి వేటలో ఈ తలపు తారుమారగును. మొనపోగు మితిమీరి సన్ననైనచో చేపను గట్టిగ లాగుటకు వీలుపడదు; పోరాటము సాగును. అలసట కండరములలో పేరుకొనును. విడిచిన చేప నాలుగు బారలు ఈది, కనబడని చోట వెల్లకిల పడవచ్చును. వేసవిలో నీరు వెచ్చనైనకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. ట్రౌటు చల్లని నీటి ప్రాణి. నీటి వేడి 20 డిగ్రీలు దాటినపుడు వివేకముగల వేటగాడు దారము చుట్టివేయును. నీరు చల్లగనున్న నాడును తెగని మేరకు బలమైన పోగుతో త్వరగ ఒడ్డు చేర్చి, ములుకులేని కొక్కెమును నీటిలోనే విడిపించుట నిజమైన దయ. వేటగాని నేర్పు గొప్పగ కనబడవలెనా, చేప బ్రతుకవలెనా అన్న ప్రశ్నకు సమాధానము దుకాణములో మొనపోగు నెన్నుకొనునాడే వ్రాయబడుచున్నది.

సామగ్రి చేయు హాని చేపతో ఆగదు. గాలపు సీసపుగుండ్లను మింగి హంసలు విషముచే మరణించుచుండగా, బ్రిటనులో 1987లో చిన్న సీసపుగుండ్ల అమ్మకమును నిషేధించిరి. గుఱ్ఱపు వెండ్రుక, పట్టు, గట్ నీటిలో చివికి మట్టిలో కలిసెడివి. తెంచి పారవేసిన నైలాను ఏండ్లతరబడి నిలిచి పక్షుల కాళ్లకు ఉరియగును. త్రెగిన పోగును జేబులో పెట్టుకొని ఇంటికి తెచ్చుటయు ఈ విద్యలో ఒక పాఠమే.

మన కొండలలో పరదేశి

ట్రౌటు మన దేశపు చేప కాదు. కాశ్మీరమునకు 1899లో తెచ్చిన గ్రుడ్లు చెడిపోగా, 1900లో తెచ్చినవి బ్రతికెను. నీలగిరులలో పెక్కు ప్రయత్నముల తరువాత ఇరువదవ శతాబ్దారంభమున హెచ్. సి. విల్సన్ అమెరికా జాతి ట్రౌటును నిలుపగలిగెను. అవలాంచిలోని చేపల పెంపకశాల 1907 నాటిది. దొరలు తమ ఏటి ముచ్చటను మన కొండలలో తీర్చుకొనిరి. లోకమున అనేకచోట్ల ఇట్లు నాటిన ట్రౌటు స్థానికపు చేపలను తిని నశింపజేయుటచే, దాని రెండు ముఖ్యజాతులును నేడు ప్రపంచపు నూరు దుష్ట ఆక్రమణజీవుల పట్టికలో చేరినవి. తన యింట పూజ్యము, పరుని యింట పీడ.

మన తెలుగు జిల్లాలు కూడ నాడు చేరియున్న మద్రాసు రాష్ట్రమున ఉద్యోగము చేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అను గ్రంథము ప్రకటించెను. ఆయన దృష్టి పరదేశపు ట్రౌటుమీద కాక మన నదుల మహసీరుమీద నిలిచినది. పరిమాణమునకు తగిన పోరాటములో ఆ చేప సాల్మనుకన్న మిన్న యని ఆయన వాదము. నేడు దానికై ఈగగాలము పట్టువారు ఎనిమిది మొదలు పది వరకు అంకెల దారము వాడుదురు. కాని కావేరిలోని మూపు మహసీరు అత్యంత ప్రమాదస్థితిలో నున్నదని 2018లో అంతర్జాతీయ పట్టికలో ప్రకటింపబడినది. దాని బలమునకు తగిన దారము దుకాణములో దొరకును. దాని జాతి నిలుచుటకు కావలసిన లోతైన మడుగులు, తెగని ప్రవాహము అచట దొరకవు.

మన గోదావరీకృష్ణల వెచ్చని నీటిలో ట్రౌటు బ్రతుకదు. మన విద్యార్థులలో ఈగగాలము పట్టువారును అరుదు. అయినను ఇంగ్లీషు పాఠములలో వాల్టన్ పేరు కనబడినపుడు, దాని వెనుక ఒక వెండ్రుకనుండి పదునైదు వెండ్రుకల వరకు లెక్కించి పేనిన వ్రేళ్లున్నవని వారికి తెలియుట మంచిది. తరగతిలో ఒక త్రాడును, ఒక ఈకను ఇచ్చి, ఈకను గది అవతలి గోడకు చేర్చుమని అడుగుడు. మొదట పిల్లలందరు ఈకనే విసరుదురు. ఒకడు త్రాటి కొనకు ఈకను కట్టి త్రాటిని విసరిన నాడు పాఠము పూర్తియైనదని తలంపవచ్చును.